ఆఫ్రికన్ మహాగని: చెట్టు, చేవ, చిత్రిక

ఆఫ్రికన్ మహాగని పేరుతో బజారులో అమ్మే కలప అంతా ఒకే చెట్టుది కాదు. ఖాయా అనే ప్రజాతిలోని నాలుగైదు జాతుల కలపకు వ్యాపారులు కలిపి పెట్టుకున్న పేరది. ఖాయా ఐవొరెన్సిస్, ఖాయా ఆంథోథెకా, ఖాయా గ్రాండిఫోలియోలా, ఖాయా సెనెగలెన్సిస్ వాటిలో ముఖ్యమైనవి. వీటిలో ఐవొరెన్సిస్ పశ్చిమాఫ్రికా తీరంలోని వర్షారణ్యాల చెట్టు. కొమ్మలు లేకుండా నిటారుగా చాలా ఎత్తు లేచి, పొడవైన దుంగలిస్తుంది. సెనెగలెన్సిస్ సెనెగల్ నుంచి సూడాన్, ఉగాండా దాకా పరుచుకున్న గడ్డిభూముల చెట్టు. ఏడెనిమిది నెలల పొడి కాలాన్ని తట్టుకుంటుంది. 30 మీటర్ల దాకా ఎదగగలదు గానీ, కాండం తరచూ పొట్టిగా, కాస్త వంకరగా ఉండి, త్వరగా కొమ్మలు వేసి విశాలంగా గొడుగు పడుతుంది. హైదరాబాదు శివారు దమ్మాయిగూడ వంటి చోట ఆఫ్రికన్ మహాగని గురించి మాట్లాడేటప్పుడు మొదట తేల్చుకోవలసింది ఈ తేడానే. తర్వాతి లెక్కలన్నీ, వానకూ నేలకూ సంబంధించినవైనా, కలప బరువుకూ ధరకూ సంబంధించినవైనా, దీని మీదే ఆధారపడి ఉంటాయి.

ఖాయాలన్నీ వేప కుటుంబానివి. వేప, తురకవేప, మలబారు వేప, నందివృక్షం, అసలు మహాగని అన్నీ ఒకే కుటుంబం. అసలు మహాగని అంటే అమెరికా ఖండపు స్వైటెనియా. వెస్టిండీస్ దీవులది చిన్నాకు మహాగని, మధ్య, దక్షిణ అమెరికాలది పెద్దాకు మహాగని. ఈ కుటుంబపు చెట్టు ఒకటి తెలంగాణ, ఆంధ్ర అడవుల్లో సొంతంగా పెరుగుతుంది. అదే సోమిద. ఎర్రని గట్టి కట్టె, చేదు బెరడు. 18వ శతాబ్దం చివర సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ దీన్ని మహాగనిలో కొత్త జాతిగానే వర్ణించి, దాని బెరడు జ్వరాలకు సింకోనా బదులు పనికొస్తుందా అని పరీక్షించాడు. తర్వాత 1830లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఆడ్రియన్ ద జ్యూస్యూ దాన్ని మహాగని నుంచి వేరుచేసి, తెలుగు పేరునే తీసుకుని సోయ్‌మిడా అనే ప్రజాతిగా నిలిపాడు. అదే సంవత్సరం ఖాయానూ స్వైటెనియా నుంచి విడదీసి కొత్త ప్రజాతిగా పెట్టింది కూడా ఆయనే. సెనెగల్‌లోనూ ఖాయా బెరడును జ్వరానికి వాడతారు. ఇంత దగ్గరి చుట్టం మన అడవిలోనే ఉండగా, నర్సరీలో దాని మొక్క అడిగితే దొరకడం కష్టం. ఇది విచారించవలసిన విషయం.

మహాగని వ్యాపారం 18వ శతాబ్దపు ఇంగ్లండులో ఊపందుకుంది. 1721లో అమెరికా వలసల కలప మీద దిగుమతి సుంకం ఎత్తేశాక జమైకా, హోండురాస్ దుంగలు లండన్‌కు ఓడలకొద్దీ చేరాయి. ఫర్నిచరు నిపుణుడు చిప్పెండేల్ కాలపు బల్లలు, కుర్చీలు, బీరువాలు ఆ కలపవే. మంచి చెట్లు తరిగిపోతున్న కొద్దీ వ్యాపారులు వేరే చోట్లు వెతుక్కున్నారు. 19వ శతాబ్దం చివరికి గోల్డ్ కోస్ట్, ఐవరీ కోస్ట్, లాగోస్ రేవుల నుంచి ఖాయా దుంగలు లివర్‌పూల్‌కు రావడం మొదలైంది. కొద్దికాలంలోనే లివర్‌పూల్ ఆ కలపకు పెద్ద బజారైంది. మహాగని భారతదేశానికి వచ్చింది కలకత్తా దగ్గరి వృక్షోద్యానం ద్వారా. చిన్నాకు రకం 1795లో, పెద్దాకు రకం 1872లో వచ్చాయి. పెద్దాకు మహాగనికి స్వైటెనియా మాక్రోఫిల్లా అని పేరు పెట్టి 1886లో శాస్త్రీయంగా వర్ణించింది ఆ ఉద్యానం అధిపతి జార్జ్ కింగ్. అమెరికా చెట్టుకు నామకరణం హుగ్లీ ఒడ్డున పెరిగిన మొక్కల్ని చూసి జరిగింది.

చెట్టును గుర్తుపట్టడానికి కాయ చాలు. మహాగని కాయ పెద్దది, గుడ్డు ఆకారంలో పైకి నిలబడి ఉంటుంది. పెద్దాకు రకంలో జానెడు దాకా పెరుగుతుంది. పండాక కింది నుంచి పగులుతుంది. గింజకు ఒకవైపే పొడవైన రెక్క ఉంటుంది. ఖాయా కాయ గుండ్రంగా, చిన్నగా, బూడిదరంగు చెక్కలా ఉండి, కొన నుంచి తెరుచుకుంటుంది. సెనెగలెన్సిస్ కాయకు నాలుగు తొనలుంటే, ఐవొరెన్సిస్‌కు మామూలుగా ఐదు. గింజ చుట్టూ సన్నని అంచులాంటి రెక్క ఉంటుంది. ఆకును బట్టి చెప్పడం కొంచెం కష్టం. రెండిటికీ ఈనెకు ఇరువైపులా జతలుగా చిట్టాకులుంటాయి, కొసన ఒంటరి ఆకు ఉండదు. వేపాకు అంచులాంటి రంపపు పళ్లు కూడా ఉండవు. మొక్క దశలో నర్సరీవారి మాటే ఆధారం. అందుకే కడియం నుంచో మరో చోటి నుంచో తెచ్చే మొక్క ఏ తల్లి చెట్టు గింజదో అడగడం, శాస్త్రీయ నామం రసీదు మీద రాయించుకోవడం చాదస్తం కాదు. పదిహేనేళ్ల తర్వాత తెలిసే తప్పును మొదటి రోజే తప్పించుకునే మార్గం అదొక్కటే.

దమ్మాయిగూడ, నాగారం, కీసర చుట్టుపక్కల నేల ఎక్కువగా ఎర్ర చెల్క. కొద్ది అడుగుల మట్టి, దాని కింద మొరం, ఇంకా కింద రాయి. ఏడాది వాన సుమారు 800 మిల్లీమీటర్లు, అదీ జూన్ నుంచి అక్టోబరు లోపే. వర్షారణ్యపు ఐవొరెన్సిస్‌కు దీనికి రెట్టింపు వాన కావాలి. ఇక్కడ దాన్ని పెట్టి కాలువ గట్టున ఉన్నట్టు పెంచాలనుకోవడం నీటిని వృథా చేయడమే. 700 మిల్లీమీటర్ల వానతో బతికే సెనెగలెన్సిస్ ఇక్కడ నిలబడుతుంది. మొదటి రెండు మూడు ఎండాకాలాలు నీళ్లు పోస్తే తర్వాత తన వేరు తానే వెతుక్కుంటుంది. మొరం మీద మాత్రం లోతు లేని చోట కాండం లావెక్కడం నెమ్మదిస్తుంది.

హైదరాబాదు చుట్టూ ఫామ్ ప్లాట్ల అమ్మకాల్లో శ్రీగంధం, ఎర్రచందనం పక్కన మహాగని పేరు ఇప్పుడు బాగా వినిపిస్తోంది. పదిపన్నెండేళ్లలో ఎకరానికి కోట్లు అనే లెక్క చెబుతారు. ఆ లెక్కను కాగితం మీద కాక దుంగ మీద వేసి చూడాలి. పదడుగులకు పదడుగుల ఎడంతో ఎకరాకు సుమారు 435 మొక్కలు పడతాయి. 435ను ఒక చెట్టు ధరతో గుణించడం దగ్గరే మొదటి పొరపాటు జరుగుతుంది. కలప చెట్టు లావెక్కాలంటే పక్క చెట్లను దశలవారీగా తీసేయాలి. చివరి కోత దాకా మిగలవలసింది అందులో నాలుగో వంతో, అంతకన్నా తక్కువో. తీసేసిన లేత కట్టెకు వంటచెరుకు ధరో, చిన్నపాటి పనులకు పనికొచ్చే కర్ర ధరో వస్తుంది తప్ప మహాగని ధర రాదు.

రెండోది చేవ లెక్క. బెరడు కింద లేత రంగు తెల్లకట్టె, దాని లోపల ఎర్రని చేవ. ధర పలికేది చేవకే. పది అంగుళాల అడ్డుకొలత ఉన్న చెట్టులో చుట్టూ రెండేసి అంగుళాల తెల్లకట్టె ఉందనుకుంటే చేవ మిగిలేది ఆరంగుళాలు. వైశాల్యం లెక్కన అది మొత్తంలో 36 శాతమే. ఆ ఆరంగుళాల గుండ్రం లోంచి దర్వాజకు వాడే ఐదు అంగుళాలకు మూడంగుళాల కట్టె ఒక్కటే తెగుతుంది. అదీ నడిమి దవ్వతో వస్తుంది కాబట్టి ఎండలో పగుళ్లు తేలుతుంది. అదే చెట్టు పదిహేను అంగుళాలకు చేరితే చేవ పదకొండు అంగుళాలవుతుంది. అందులోంచి అలాంటివి కనీసం మూడు వస్తాయి. అడ్డుకొలత ఒకటిన్నర రెట్లైతే పనికొచ్చే కట్టె మూడు రెట్లైంది. చెట్టును తొందరపడి నరికితే నష్టపోయేది ఆ చివరి సంవత్సరాల్లో చేరే ఈ చేవే. ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతంలో సెనెగలెన్సిస్‌ను వేల హెక్టార్లలో, ఎంపిక చేసిన విత్తనంతో, యంత్రాలతో పెంచుతున్నారు. అక్కడే సుమారు ఇరవై ఏళ్ల కోత అనుకుని నాటారు. చెల్క నేలలో బావి నీటి మీద అంతకన్నా త్వరగా వస్తుందని చెప్పడానికి ఆధారం లేదు.

మూడోది కొలత. గుండ్రటి దుంగను మన దేశపు డిపోల్లో చుట్టుకొలతలో నాలుగో వంతును దానితోనే గుణించి, పొడవుతో గుణించి లెక్కిస్తారు. నాలుగడుగుల చుట్టుకొలత, పదడుగుల పొడవున్న దుంగ ఈ లెక్కన పది ఘనపుటడుగులు. నిజానికి ఆ దుంగలో ఉన్న కట్టె 12.7 ఘనపుటడుగులు. కోతలో పోయే పొట్టు, పక్క చెక్కల కోసం ఈ పద్ధతి ఐదో వంతుకు పైగా ముందే తగ్గించేస్తుంది. ఇందులో మోసమేమీ లేదు, పాత వాడుక అంతే. అయితే అమ్మేటప్పుడు ఈ కొలత వాడి, ఆశ చూపేటప్పుడు పూర్తి ఘనపరిమాణం వాడితే రైతు లెక్క తలకిందులవుతుంది. ఏడడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు ఉన్న దర్వాజకు, గడపతో సహా, ఐదు బై మూడు కట్టె 21 అడుగులు కావాలి. అంటే రెండు ఘనపుటడుగులకు కాస్త ఎక్కువ. పైన చెప్పిన నాలుగడుగుల దుంగలో కోత పోగా సగం దక్కితే, చేవ బాగుంటే, రెండు దర్వాజలు వస్తాయి. చెట్టు విలువను కోట్లలో చెప్పినప్పుడు ఆ మాటను ఈ రెండు దర్వాజల పక్కన పెట్టి చూడాలి.

వేప కుటుంబపు కలప చెట్లన్నిటికీ ఒక ఉమ్మడి శత్రువు ఉంది. చిగురు తొలిచే పురుగు. హిప్సిపైలా రోబస్టా అనే చిమ్మెట పెట్టే గుడ్ల నుంచి వచ్చే గొంగళి ఇది. ఆఫ్రికాలో ఖాయాకూ, ఆసియాలో నందివృక్షానికీ పాత చుట్టమే. మహాగని ఇక్కడికి వచ్చాక దాన్నీ పట్టుకుంది. లేత మొక్క నడి చిగురులోకి దూరి లోపలి నుంచి తినేస్తుంది. మొక్క చావదు. పక్క కొమ్మలు రెండు మూడు పైకి లేస్తాయి, కాండం పంగలుగా చీలుతుంది. పదడుగుల నిటారు దుంగ రావలసిన చోట నాలుగడుగుల మొద్దు మిగులుతుంది. మైళ్లకొద్దీ ఒకే చెట్టు ఉన్న తోటలో ఇది త్వరగా పాకుతుంది. కాస్త నీడలో, వేరే చెట్ల మధ్య కలిపి నాటిన చోట బెడద తగ్గుతుంది. మొదటి నాలుగైదేళ్లు వానాకాలంలో చిగుళ్లు చూస్తూ, ఎండిన చిగురును కింది దాకా కోసి కాల్చి, ఒకే బలమైన కొమ్మను ఉంచి మిగతావి తీసేస్తే కాండం నిలబడుతుంది. మహాగని పెంపకంలో అసలు పని ఇదే. ప్లాటు కొని, వాచ్‌మన్‌ను పెట్టి, పదేళ్లకు వచ్చి చూసుకునే పంట ఇది కాదు.

ఇక కలప సంగతి. ఐవొరెన్సిస్ తేలిక. ఎండిన కట్టె ఘనపుటడుగు సుమారు 15 కిలోలు. టేకు 18 కిలోల పైమాట. సెనెగలెన్సిస్ 20 నుంచి 22 కిలోలు, ముదురు ఎరుపు, కొన్నిసార్లు ఊదా ఛాయ. ఉప్పల్, నాచారం వైపు టింబర్ డిపోల్లో ఆఫ్రికన్ మహాగని అని చూపించే చెక్క తేలిగ్గా, లేత గులాబీ రంగులో ఉంటే అది బహుశా దిగుమతి ఐవొరెన్సిస్ లేక ఆంథోథెకా. బరువుగా, నల్లెరుపుగా ఉంటే సెనెగలెన్సిస్ కావచ్చు. ఆ ఎరుపు రంగు వేరే చౌక కట్టెకు పాలిష్‌తో కూడా వస్తుంది కాబట్టి రంగు చూసి నిర్ణయించకూడదు. ఒక మూల పదునైన బ్లేడుతో చెక్కి, పది రెట్లు పెద్దది చేసే అద్దంతో అడ్డకోత ముఖం చూడాలి. అమెరికా మహాగనిలో లేత రంగు సన్నని వలయాలు వరుసగా కనిపిస్తాయి. ఖాయాలో మామూలుగా అవి ఉండవు. దేవదారు వాసన కొడుతూ, చారలు గీసినట్టు సమంగా ఉంటే అది సపేలీ. అదీ వేప కుటుంబమే, అదీ ఆఫ్రికాదే, మంచి కలపే. కానీ దాని పేరు దానిదే, ధర దానిదే.

ఖాయా అందమూ, పనిలో దాని ఇబ్బందీ ఒకే గుణం నుంచి వస్తాయి. ఈ చెట్టు కొన్నేళ్లు నారను కుడికి వాల్చి, తర్వాత కొన్నేళ్లు ఎడమకు వాల్చి పెరుగుతుంది. దుంగను నాలుగు పాళ్లు చేసి, కేంద్రం నుంచి బెరడు వైపుకు పలక తెగేలా కోస్తే ఆ పొరలు పక్కపక్కనే వెలుగూ నీడల పట్టీల్లా తేలతాయి. అడుగు జరిగి చూస్తే వెలుగు పట్టీ నీడవుతుంది, నీడ పట్టీ వెలుగవుతుంది. తలుపు పలకలకు ఇంతకన్నా మంచి అలంకారం లేదు, పైన చెక్కడం కూడా అక్కర్లేదు. చిత్రిక పట్టేటప్పుడు మాత్రం ఇదే నార ఎదురు తిరుగుతుంది. ఒక పట్టీ నున్నగా వస్తే పక్క పట్టీలో పెచ్చులు లేస్తాయి. అనుభవమున్న వడ్రంగి రంధా బ్లేడు బాగా నూరి, కాగితమంత పల్చగా తీస్తాడు, చివరన చిత్రిక మాని గీరుడు రేకుతోనో సాండ్ పేపరుతోనో నునుపు తెస్తాడు. టేకు మీద పట్టినట్టు బలంగా లాగితే చెక్క పాడవుతుంది. సెనెగలెన్సిస్‌కు మేకు కొట్టే ముందు బెజ్జం వేయాలి, లేకపోతే చీలుతుంది. తడి తగిలే చోట ఇనుప మేకులు ఈ కట్టె మీద నల్ల మరకలు దింపుతాయి. ఇత్తడి లేక స్టెయిన్‌లెస్ స్టీలు మరలు వాడాలి. దీని పొట్టు కొందరికి తుమ్ములూ, చర్మం మీద దద్దుర్లూ తెస్తుంది. నాచారం, చర్లపల్లి షెడ్లలో రోజంతా ఈ పొట్టులో పనిచేసే కుర్రాళ్లకు ముఖానికి మాస్కు ఇవ్వడం యజమాని బాధ్యత. ఈ విషయంలో ఇంకా చాలా నిర్లక్ష్యం ఉంది.

ఎండిన ఖాయా వంకర తిరగడం, ఉబ్బడం తక్కువ. ఫర్నిచరుకు దాన్ని కోరుకునేది ఇందుకే. అయితే ఆ గుణం సరిగ్గా ఎండబెట్టిన కట్టెకే. హైదరాబాదు ఏప్రిల్, మే నెలల పొడి గాలిలో పచ్చి పలకలను ఎండలో పడేస్తే కొసలు చీలిపోతాయి. కోసిన వెంటనే రెండు కొసలకూ రంగు పూసి, నీడలో, నేలకు అడుగెత్తున, పలకకూ పలకకూ మధ్య ఒకే మందం బద్దలు పెట్టి పేర్చాలి. అంగుళం మందానికి ఏడాది అనేది వడ్రంగుల పాత లెక్క. కిల్న్‌లో ఎండబెడితే వారాల్లో అయిపోతుంది. దేశాన్ని గాలిలోని తేమను బట్టి నాలుగు మండలాలు చేసి, ఏ మండలంలో ఏ పనికి కట్టెలో ఎంత తేమ ఉండవచ్చో ఐఎస్ 287 అనే భారతీయ ప్రమాణం చెబుతుంది. వానాకాలంలో కొని, తడి చూడకుండా తలుపు బిగించి, ఎండాకాలంలో సందులు పడ్డాయని చెట్టును నిందించడం సరికాదు. తెల్లకట్టెను పిండిపురుగు తొందరగా పట్టుకుంటుంది. దాన్ని తీసేయాలి, లేదా బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో నానబెట్టాలి. చేవ కూడా చెదలకు టేకులా ఎదురు నిలవదు. గడపకూ, నేలకు తగిలే దర్వాజ కాళ్లకూ మన పెద్దలు వాడిన వేప, నల్లమద్ది, టేకులే మేలు. తలుపు పలకలకూ, మంచాలకూ, బల్లలకూ, అల్మరాలకూ ఖాయా తగినది.

నీడ చెట్టుగా సెనెగలెన్సిస్ పేరు కలప పేరు కంటే పెద్దది. సెనెగల్, మాలి, బుర్కినా ఫాసో పట్టణాల వీధులకు నీడనిచ్చేది ఇదే. సింగపూర్ రోడ్ల పక్కనా ఉంది. ఫ్రెంచివారు హనోయిలో నాటిన చెట్లు వందేళ్లకు మహావృక్షాలయ్యాయి. 2015లో ఆ నగరంలో వేలాది చెట్లు కొట్టాలన్న పథకం వచ్చినప్పుడు జనం వీధుల్లోకి వచ్చి ఆపించారు. అదే హనోయిలో తుపానులకు ఈ చెట్లు వేళ్లతో సహా పడిపోవడమూ జరుగుతోంది. 2024 సెప్టెంబరులో యాగి తుపాను అక్కడ వేల చెట్లను కూల్చింది. పేవ్‌మెంట్ కింద వేరు పరుచుకునే చోటు లేకపోవడం, కేబుళ్లకూ పైపులకూ తవ్విన ప్రతిసారీ వేళ్లు తెగడం ఇంత పెద్ద చెట్టు పట్టును తీసేస్తాయి. దమ్మాయిగూడ కాలనీల ఇరవై, ముప్పై అడుగుల రోడ్ల అంచున, డ్రైనేజీకీ కరెంటు తీగలకూ మధ్య దీన్ని నాటడం తప్పు. చెరువు గట్ల వెనక, పార్కుల్లో, బడి మైదానాల అంచున, పరిశ్రమల ఆవరణల్లో నాటడం సబబు. హరితహారం పథకం రోజుల్లో కోనోకార్పస్‌ను ఊరూరా నాటి, తర్వాత వద్దనుకున్న అనుభవం తెలంగాణకు ఉంది. ఏ పరదేశపు చెట్టునైనా పదింటిలో ఒకటిగా నాటితే మేలు, పదికి పదీ అదే నాటితే ముప్పు.

ఆఫ్రికాలోని సొంత అడవుల్లో ఖాయా పరిస్థితి బాగాలేదు. పశువుల మేతకు కొమ్మలు నరకడం, మందుకు బెరడు ఒలవడం, కలపకు కొట్టడం కలిసి సెనెగలెన్సిస్‌ను ప్రమాదంలో ఉన్న చెట్ల జాబితాలోకి చేర్చాయి. 2022 నవంబరులో పనామాలో జరిగిన సైటీస్ (అరుదైన వన్యజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) సమావేశం ఆఫ్రికాలోని ఖాయాలన్నిటినీ రెండో అనుబంధంలో పెట్టింది. 2023 నుంచి అక్కడి దుంగలూ పలకలూ అనుమతి పత్రం లేకుండా దేశం దాటకూడదు. మన ఎర్రచందనం 1995 నుంచి అదే అనుబంధంలో ఉంది. భారతదేశంలో నాటి పెంచిన ఖాయాకు ఈ నిబంధన వర్తించదు. ఇక్కడ వర్తించేవి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం, కలప రవాణా నిబంధనలు. నరికే ముందు కాదు, నాటే ముందే అటవీ శాఖ కార్యాలయంలో అడిగి, పొలంలో ఏ చెట్లు ఎన్ని నాటారో రాయించి పెట్టుకోవడం మంచిది. సలహాకు దూలపల్లిలోని అటవీ జీవవైవిధ్య సంస్థ, సిద్దిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాల దమ్మాయిగూడకు దగ్గర్లోనే ఉన్నాయి. కలప గుణాల మీద పరిశోధించే కేంద్ర సంస్థ బెంగళూరులో ఉంది.

కీసర వైపు నాలుగెకరాలున్న రైతు ఈ చెట్టు నాటదలిస్తే గట్ల మీద నాటాలి, వేప, నల్లమద్ది, సోమిదలతో కలిపి నాటాలి, ఇరవై ఏళ్లకు పైగా ఆగగలిగితేనే నాటాలి. మధ్యలో మామూలు పంట పండించుకోవాలి. అప్పు తెచ్చి ఈ చెట్టు మీద పెట్టవద్దు.